ఊటీ పిట్ట వేరు... కొడైకెనాల్ పిట్ట వేరు!

ఊటీ, కొడైకెనాల్... వేసవి సెలవులొస్తే మనకు రెండూ ఒకటే. అదే చలి, అదే మంచు, అవే చాక్లెట్ దుకాణాలు. అక్కడి అడవుల్లో తిరిగే ఓ నీలి పిట్టకు మాత్రం ఆ రెండూ వేర్వేరు లోకాలు.

కొండల మడతల్లో, వాగుల వెంట గుబురుగా పెరిగే పొట్టి చెట్ల అడవిని అక్కడ షోలా అంటారు. ఆ మసక వెలుతురులో నేలను అంటిపెట్టుకుని తిరుగుతుందీ పిట్ట. జానెడు కూడా ఉండదు. ఊటీ వైపు దానికి రొమ్ము ముదురు నీలం, పక్కలకు ఇటుక రంగు. కొడైకెనాల్ వైపు దానికి ఆ ఇటుక రంగు లేదు. పక్కలూ నీలమే, పొట్ట తెలుపు.

నీలగిరి పిట్టను 1840ల్లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది జెర్డన్. మద్రాసు సైన్యంలో డాక్టరు, నెల్లూరులోనూ పనిచేశాడు. మన కడప కలివికోడికి ఇంగ్లిష్‌లో ఉన్నది ఆయన పేరే! తర్వాతి పండితులు రెండు పిట్టలనూ ఒకే జాతిగా జమకట్టేశారు. ఒక తల్లి పిల్లలే ఒకరు నలుపు, ఒకరు తెలుపు పుట్టరా అన్నట్టు. 2005లో రాస్ముసెన్, ఆండర్టన్‌ల పుస్తకం వాటిని మళ్లీ విడదీసింది. 2017లో వి.వి.రాబిన్ బృందం డీఎన్‌ఏ ఆధారంగా వీటికి 'షోలికోలా' అని కొత్త ప్రజాతి పేరే పెట్టింది. షోలాలో ఉండేది అని అర్థం. ఇంకా దక్షిణాన అషంబు కొండల్లో ఉన్నది మూడో జాతి అనీ తేల్చింది.

ఊటీ పిట్టనీ కొడై పిట్టనీ వేరుచేసింది పాలక్కాడ్ కనుమ. కోయంబత్తూరు మీదుగా శబరిమల వెళ్లే మన అయ్యప్ప భక్తులు రైల్లో దాటేది దాన్నే. వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. మనకు కునుకు తీసేంత దూరం. చల్లటి కొండ దిగని పిట్టకు మాత్రం సముద్రమంత.

ఈ లెక్కలు పండితులకే అనుకోకండి. రెండూ ఒకటే అనుకున్నన్నాళ్లు 'ఇక్కడ తగ్గినా అక్కడున్నాయిలే' అని సరిపెట్టుకోవచ్చు. ఇప్పుడలా కుదరదు. ఇటుక రంగు పిట్ట ఆ కనుమకు ఉత్తరాన కొద్దిపాటి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మనం ముచ్చటపడి ఫొటోలు దిగే తేయాకు తోటలు, యూకలిప్టస్ వనాలు చాలాచోట్ల దాని ఇంటిని మింగి పెరిగినవే.

చూడాలనుంటే ఊటీ నుంచి కోటగిరి సుమారు 30 కిలోమీటర్లు. అక్కడి లాంగ్‌వుడ్ షోలాకు అనుమతి సంగతి ముందే కనుక్కుని, తెల్లవారేసరికి చేరుకోండి. మొదట వినిపించేది పాటే. పిట్ట కనిపించడం మీ ఓపికను బట్టి!