బొమ్మసంద్ర దాకా

తెల్లవారి ఐదున్నరకు మా అమ్మాయి చద్దిడబ్బా చేతబట్టుకొని గడప దాటుతుంది. హోసూరు బస్టాండులో బెంగళూరు బస్సెక్కి, జుజువాడి, అత్తిబెలె దాటి, బొమ్మసంద్రలో దిగి మెట్రో మెట్లెక్కుతుంది. పని జయనగరంలో. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. నాలుగేండ్ల కొడుకు అప్పటికి మా ఆవిడ పక్కలో నిద్రపోయి ఉంటాడు.

2025 ఆగస్టు 10న ఆ పసుపు లైను మొదలైన నాడు మా ఇంట్లో పాయసం కాచినారు. "నాయనా, ఇంక సిల్కుబోర్డు కాడ బస్సులో కాళ్లు పీకేటట్ల నిలబడే పని లేదు" అనింది మా అమ్మాయి. ఆ కూడలి సంగతి తెలిసినవాళ్లకు పాయసం ఎందుకో వేరే చెప్పక్కరలేదు.

నేనూ ఒకనాడు పనిగట్టుకొని ఎక్కినాను. బొమ్మసంద్ర నుంచి ఆర్.వి. రోడ్డు దాకా 19 కిలోమీటర్ల పైచిలుకు, 16 స్టేషన్లు, అంతా నేలకు పైనే. మొదట్లో మూడే బళ్లు ఉండి, ఒకటి పోతే ఇంకొకటి రావడానికి 25 నిమిషాలు పట్టేది. డ్రైవరు లేకుండానే నడిచేటట్టు కట్టిన బండి అది. పెట్టెలో చెవి పెట్టి వింటే సగం మాటలు తెలుగే. అనంతపురం యాస, చిత్తూరు యాస, మన మొరసునాటి యాస. పైన చెప్పే పేర్లు మాత్రం కన్నడంలో, ఇంగ్లీషులో. అది వాళ్ల నాడు, న్యాయమే.

ఆ పట్టాలను హోసూరు దాకా పొడిగించాలన్న మాట ఏండ్లుగా నలుగుతోంది. చెన్నై మెట్రో వాళ్లు సాధ్యమా కాదా అని చూపించినారు. 20 కిలోమీటర్లకు పైన దారి, 12 స్టేషన్లు. అందులో సగానికి మించి కర్ణాటకలోనే. 2025 నవంబరులో బెంగళూరు మెట్రో వాళ్లు రెండూ కలవవు అన్నారు. కారణం కరెంటు. వాళ్ల బళ్లు పట్టాల పక్కన వేసిన మూడో పట్టా నుంచి 750 వోల్టుల డీసీ తీసుకుంటాయి. చెన్నై పద్ధతిలో తలమీది తీగ నుంచి 25,000 వోల్టుల ఏసీ.

నేను ఇంజనీరును కాను, రిటైరైన అయ్యవారిని. అయినా చదివి తెలుసుకొన్నాను. లండన్‌లో థేమ్స్‌లింక్ అనే బళ్లు 1988 నుంచి సరిగ్గా ఈ రెండు కరెంట్ల మీదనే పోతున్నాయి. ఊరికి దక్షిణాన మూడో పట్టా, ఉత్తరాన పైతీగ. నడుమ ఒక స్టేషనులో బండి నిలిచి ఒకదాన్ని వదిలి ఇంకొకదాన్ని అందుకుంటుంది. అట్లాంటి బండికి ఖర్చు ఎక్కువ, ఒప్పుకుంటాను. అంత డబ్బు వద్దనుకుంటే రెండు బళ్లూ బొమ్మసంద్రలో ఎదురుబదురుగా నిలిస్తే చాలు, మనమే దిగి ఎక్కుతాం. ఎల్లకట్టు దగ్గర దిగి ఎక్కడం మనకు కొత్తా? ఇంట్లో తెలుగు, బళ్లో అరవం, పనికాడ కన్నడం. పొద్దుకు మూడు మార్లు మారే జనం మనం.

మన పక్కకు రైలు వచ్చి పోవడం కూడా కొత్త కాదు. మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో సన్నపట్టాల చిన్న బండి వచ్చింది, 1913లో హోసూరు దాకా సాగింది. తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి ఇంకొకటి. 1940లు ముగిసేలోగా రెండూ మూతబడినాయి. హోసూరికి తర్వాత సేలం దారి రైలు వచ్చింది గాని, 2004లో జిల్లా కేంద్రమైన కృష్ణగిరికి ఈనాటికీ రైలు లేదు. మా అవ్వ ఆ చిన్నబండిని చూసిన మనిషి. "ఎక్కినోడు దిగి నీళ్లు తాగొచ్చి మళ్లా ఎక్కొచ్చు" అని నవ్వేది. అది నిలిచిపోయిన సంగతి మాత్రం నవ్వకుండా చెప్పేది.

నవంబరు కబురు విన్నాక మా అమ్మాయి ఏమీ అనలేదు. నాలుగు దినాలకు అన్నం తింటా తింటా, "నాయనా, హెబ్బగోడిలో ఇల్లు చూసుకుంటే రానూ పోనూ రెండు గంటలు మిగుల్తుంది. బుడ్డోణ్ణి ఆడనే బళ్లో వేస్తాం" అనింది. ఏ నోటితో వద్దనేది? వాడు లేచేలోగా పోయి, పండుకున్నాక వచ్చే తల్లి. మా ఆవిడ గంటె పట్టుకొని అట్లే నిలబడిపోయింది.

2006 చట్టం వచ్చినప్పటి నుంచి మన పిల్లలకు బళ్లో అరవం తప్పనిసరి. తెలుగు అక్షరం ఇంట్లోనే దిద్దించుకోవాలి. మా మనవడికి ఆ పని వాళ్లవ్వది. సాయంత్రం దీపం పెట్టినాక పలక పట్టుకొని కూర్చుంటారు ఇద్దరూ. హెబ్బగోడిలో ఆ వేళకు తల్లీ తండ్రీ ఇద్దరూ పనిలోనే ఉంటారు. పలక ఎవరు పట్టేది?

మొన్న ఆదివారం పోయి ఇల్లు చూసి వచ్చినారు. మెట్రో స్టేషనుకు నడక దూరమంట. అడ్వాన్సు ఇంకా ఇయ్యలేదు, ఉగాది దాటనీ అన్నాను. బుడ్డోడు క గుణింతం ముగించి ఖ కాడికి వచ్చినాడు.