పొదిలిలో ఓ గాలి డబ్బా

ఆరుద్ర కార్తె వచ్చిందంటే నాకు మా పొదిలే గుర్తొస్తుంది. తొలకరి పడిన మర్నాడు చేల గట్ల మీద ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు. చిన్నప్పుడు ఓసారి పాతిక దాకా ఏరి, మందు సీసాలో గడ్డి వేసి, బిరడా బిగించి దాచుకున్నా. తెల్లారి చూస్తే ఒక్కటీ కదల్లేదు. సీసా లోపలంతా చెమ్మ. ‘గాలాడకపోతే ఏ ప్రాణి నిలుస్తదిరా?’ అంది అమ్మ.

మొన్న జూన్‌లో అక్క కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. వాడికి అక్కడ సాలీళ్లు పెంచే సరదా. టరాంటులాలంటారే, ఒంటి నిండా నూగుతో అరచేయంత పెరిగేవి, అవి. అమ్మయితే నమ్మలేదు. ‘ఇల్లు దులిపేదే వాటి కోసం గదా, నువ్వు పెంచేదేంది నాయనా?’ అంది. మాటలతో పని కాదని వాడు బజారుకెళ్లి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, సాలీడు పిల్లలకు ఇల్లెలా కడతాడో చేసి చూపించాడు.

పెద్ద పనేం కాదు గానీ, దానికో లెక్కుంది. దబ్బనం కాల్చి, డబ్బాకు ఒక పక్క కింది భాగంలో ఓ వరస చిల్లులు, ఎదుటి పక్క పైభాగంలో ఇంకో వరస. ఇటు వచ్చిన గాలి అటు పోవాలి. మూతకు మాత్రమే చిల్లులు పెడితే అడుగున గాలి నిలిచిపోయి బూజు పడుతుంది. చిల్లు పిల్ల తలభాగం కన్నా సన్నంగా ఉండాలి, లేదంటే దూరి పారిపోతుంది. గుచ్చేది కూడా లోపలి నుంచి బయటికే. కరిగిన అంచు లోపల మిగిలితే కాళ్లు గీసుకుపోతాయి. ప్లాస్టిక్ పొగ మంచిది కాదని ఆ పనంతా ఆరుబయటే చేశాడు. అడుగున తడి కొబ్బరి పొట్టు, నిలువుగా ఓ బెరడు ముక్క. చెట్టు తొర్రల్లో బతికే జాతి కాబట్టి డబ్బాలో నేల కన్నా ఎత్తు ముఖ్యం.

‘ఇంతకీ ఏ దేశపు జాతి?’ అన్నాను.

‘మనదే మామా. ప్రపంచమంతా గుత్తి పేరుతోనే పిలుస్తారు’ అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. మార్కాపురం పలకలు, కంభం చెరువు, గిద్దలూరు దాటాక దిగువమెట్ట. అక్కడి నుంచి నంద్యాల దాకా నల్లమల అడవి, పక్కన రైలు దారి. దారిలో వాడు కథంతా చెప్పాడు. ఈ నీలి సాలీడు గుత్తిలో దొరికితే, 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు. తర్వాత వందేళ్లకు పైగా జాడ లేదు. 2001లో గిద్దలూరు, నంద్యాల మధ్య ఈ అడవిలోనే మళ్లీ కనిపించింది. అప్పుడెప్పుడో కలప మోసిన రైల్లో గుత్తి దాకా పోయుంటుందని అంచనా. దాని నివాసం 100 చదరపు కిలోమీటర్ల లోపే. అందుకే 2008లో ఐయూసీఎన్ దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. వంటచెరకు కోసం, కలప కోసం ఓ పాత చెట్టు కూలితే తొర్ర పోతుంది, తొర్రతో పాటు కాపురమూ పోతుంది.

రోడ్డు పక్కన కాసేపు ఆగాం. రాత్రి తిరిగే ప్రాణి, పగలెక్కడ కనిపిస్తుంది? తలెత్తి చెట్లనే చూశాం.

‘ఇంత దూరం వచ్చి ఒకటైనా పట్టుకెళ్లవా?’ అన్నాను.

‘తప్పు మామా. నా దగ్గరున్నవి అక్కడ డబ్బాల్లోనే పుట్టినవి. ఇక్కణ్నుంచి ఒక్క ఆడది పోయినా, దాని పిల్లలన్నీ పోయినట్టే.’

ఎక్కడో సముద్రాల అవతల వాటికి గాలి సరిపోతుందా లేదా అని చిల్లులు లెక్కపెట్టే వాళ్లున్నారు. ఇక్కడ మనకు దాని పేరే తెలీదు. ఆ పూట నాకు కాస్త సిగ్గేసింది.

ఇల్లు చేరేసరికి పక్కింటి పిల్లాడు ఆ డబ్బా ముందు కూర్చున్నాడు. లోపల ఎర్రగా నాలుగు ఆరుద్ర పురుగులు. నా గుండె ఝల్లుమంది. వంగి చూస్తే బెరడు మీద పాకుతున్నాయి, నాలుగూ.

‘బాగున్నాయి కదా’ అన్నాడు వాడు.

‘బాగున్నాయి. పద, చీకటి పడకముందే చేలో వదిలేసొద్దాం’ అన్నాను.