నడకను బట్టి క్రిమి

ప్రోటోజోవా తెగకు చెందిన ఏకకణ జీవుల్లో ఒక్కోదానిది ఒక్కో నడక. మిథ్యాపాదాలు, కశాభాలు, శైలికలు అంటూ బడి పుస్తకాలు చెప్పే తేడాలు వైద్యుడికి నేరుగా పనికొస్తాయి. రంగు వేయని పచ్చి స్లైడులో క్రిమిని ముందుగా పట్టిచ్చేది దాని కదలికే. ఆ కదలిక ఎక్కువసేపు నిలవదు. నమూనాలు పల్లెల నుంచి బస్సుల్లో రావలసిన హిందూపురం లాంటి ఊళ్లో చిక్కంతా అక్కడే.

ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చుని నేసే మనిషికి వారం రోజులుగా కడుపులో మెలిపెడుతూ, నెత్తురూ జిగటా కలిసి విరేచనాలవుతుంటే ముందుగా అనుమానించవలసిన క్రిముల్లో ఎంటమీబా హిస్టోలిటికా ఒకటి. అప్పుడే పట్టిన మలంలో జిగట ఉన్నచోట కొంచెం తీసి, గోరువెచ్చని సెలైన్ చుక్కలో కలిపి చూస్తే, అమీబా అంచున రేణువులు లేని స్వచ్ఛమైన మొన ఒకటి చటుక్కున పొడుచుకొస్తుంది. లోపలి జీవద్రవ్యం అందులోకి పారుతుంది, కణమంతా ఆ వైపే సాగుతుంది. కణపొర కింద యాక్టిన్ పోగులు అల్లుకుంటూ విడిపోతూ ఈ నడకను నడిపిస్తాయి. పేగులో హాని చేయకుండా బతికే ఎంటమీబా కోలై కూడా మిథ్యాపాదాలు చాస్తుంది గానీ మందకొడిగా, దాదాపు ఉన్నచోటే మెదులుతుంది. ముందుకు సాగే అమీబా లోపల మింగిన ఎర్రకణాలు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ఈ నడకకు ఒంటి వేడి కావాలి. నీళ్లవిరేచనాన్ని అరగంటలోపే చూడాలి. లేపాక్షి హిందూపురానికి పదిహేను కిలోమీటర్లే. అయినా తెల్లవారుజామున ఇంట్లో డబ్బాలో పట్టిన నమూనా ఆటోలోనూ, ఆసుపత్రి క్యూలోనూ చల్లారేసరికి అమీబా గుండ్రంగా ముడుచుకుని చీముకణమని భ్రమింపజేస్తుంది. రోగికి బాక్టీరియా మందులు అందుతాయి, జబ్బు లోపల అలాగే ఉంటుంది. రోగిని ల్యాబుకే రప్పించి నమూనా పట్టించడాన్ని మించిన ఉపాయం లేదు. దీనికి పూర్తిగా విరుద్ధమైన పొరపాటూ జరుగుతుంటుంది: కదలని సిస్టులు కనిపించాయన్న ఒక్క కారణంతో, అవి నిరపాయకరమైన జాతివో కావో తేలకుండానే, మనిషి చేత మళ్లీ మళ్లీ మెట్రోనిడజోల్ మింగించడం. ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

పొట్ట ఉబ్బి, దుర్వాసనతో జిడ్డుగా విరేచనమవుతూ, బరువు పెరగని పిల్లల్లో జియార్డియా దొరుకుతుంది. నాలుగు జతల కశాభాలతో అది రాలే ఆకులా అటూ ఇటూ దొర్లుతూ పోతుంది. లీవెన్‌హుక్ 1681లో తన మలంలోనే దీన్ని చూశాడు. కశాభం లోపల చుట్టూ తొమ్మిది జతలు, నడుమ రెండు సూక్ష్మనాళికలు ఉంటాయి. డైనీన్ అనే ప్రోటీన్ పక్కపక్క జతలను ఒకదాని మీదుగా ఒకటి జరపడంతో కశాభం వంగుతుంది. ట్రైకోమోనాస్‌కు ముందు నాలుగు కశాభాలు, పక్కన అలలాడే పొర వెంట అయిదోది. కుదుపులు కుదుపులుగా కదులుతుంది. ఇది సోకినప్పుడు నురగతో పచ్చగా అయ్యే తెల్లబట్టను స్త్రీలు సిగ్గుతో నెలల తరబడి దాచుకుంటారు. పరీక్ష మాత్రం నిమిషాల మీద జరగాలి, చికిత్స భర్తకూ అందాలి.

పెనుకొండ చెరువులాంటి నిలవనీటిలో బతికే పారమీషియం వేల శైలికలను వరుసగా కొడుతూ మెలికలు తిరుగుతూ ఈదుతుంది. మనిషికి జబ్బు చేసే శైలికాజీవి బాలంటిడియం ఒక్కటే. పందుల నుంచి వస్తుంది, చాలా అరుదు.

మలేరియా క్రిమి దారి వేరు. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో దాని గూళ్లను చూశాడు. ఆ గూళ్లలో పుట్టే స్పోరోజోయిట్‌కు కశాభాలూ లేవు, శైలికలూ లేవు. దోమ కుట్టాక అది పొర కింది యాక్టిన్, మయోసిన్‌ల బలంతో సెకనుకు ఒకటి రెండు మైక్రాన్ల చొప్పున చర్మంలో జారుతూ రక్తనాళాన్ని చేరి, అక్కడి నుంచి కాలేయానికి పోతుంది. కశాభం ఉండేది మగకణానికే. దోమ కడుపులోకి వెళ్లాక వేడి తగ్గడంతో అది పుట్టుకొస్తుంది. 1880లో లావెరాన్ అల్జీరియాలో సూక్ష్మదర్శిని కింద చూసింది ఆ కొరడాల విసురునే. చల్లబడితే అమీబా ఆగుతుంది, మలేరియా మగకణం మొదలవుతుంది. అందుకే ట్యూబులో తీసి చాలాసేపు ఉంచిన రక్తంలో ఎప్పుడైనా ఈ పోగులు కనిపించి, మరో క్రిమి అనిపించేలా చేస్తాయి. వేలి కొస గుచ్చి వెంటనే ఫిల్ము పరిస్తే ఆ గందరగోళం ఉండదు.