మా మనవరాలి చైనా అక్షరాలు

కిందటి యేడు సింగపూరులో మా అమ్మాయి ఇంట మూడు నెలలున్నాను. వెళ్ళిన వారానికే మా మనవరాలు బుజ్జికీ నాకూ పేచీ వచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. తెలుగు ముచ్చటగా మాట్లాడుతుంది గాని అ ఆలు రావు. ప్రతి పుట్టినరోజుకూ నేను రాసే ఉత్తరం వాళ్ళమ్మ చదివి వినిపించవలసిందే. బళ్ళో మాత్రం చైనా భాష తీసుకుంది!

"మన యాభైఆరు అక్షరాలకు తీరిక లేదు గాని, ఆ వేలకు వేలు బొమ్మలు గియ్యడానికి ఉందిటే?" అన్నాను, కాస్త ఘాటుగానే.

"అన్నీ బొమ్మలు కావు తాతయ్యా! కూచో, చెబుతాను," అంది.

ఆ సాయంత్రం నుంచి అది పంతులమ్మ, నేను శిష్యుణ్ణి. సూర్యుడంటే నిలువుపెట్టె, నడుమ అడ్డగీత. పూర్వం గుండ్రంగా గీసి లోపల చుక్క పెట్టేవారట. చెట్టు పక్కన మనిషి చేరితే విశ్రాంతి. ఇంటికప్పు కింద పందిని పెడితే ఇల్లు! నేను ముక్కు మూసుకున్నాను.

"మరి అమ్మో?" అన్నాను. స్త్రీ పక్కన గుర్రాన్ని రాసింది. ఫక్కున నవ్వాను. అది నవ్వలేదు.

"గుర్రాన్ని వాళ్ళు 'మా' అంటారు. అమ్మనీ 'మా' అనే అంటారు, కాస్త రాగం తేడా. స్త్రీ అర్థం చెబుతుంది, గుర్రం పలకడం చెబుతుంది."

అదీ కిటుకు! చైనా అక్షరాల్లో నూటికి ఎనభై దాకా ఇలా సగం అర్థం, సగం శబ్దం అతికినవేనట. క్రీ.శ. 100 ప్రాంతంలోనే షూ షెన్ అనే పండితుడు తొమ్మిదివేల పైచిలుకు అక్షరాలను 540 శాఖల కింద సర్ది నిఘంటువు కూర్చాడు.

వీటి పుట్టుక తెలిసిన వైనం ఇంకా తమాషా. బీజింగులో మందుల కొట్లవాళ్ళు డ్రాగన్ ఎముకలని పేరు పెట్టి పాత ఎముక ముక్కలు అమ్మేవారు. జనం వాటిని పొడికొట్టి మందుగా మింగేవారు. ఆ ముక్కల మీది గీతలు అక్షరాలని 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు గుర్తుపట్టాడు. అవి అన్‌యాంగ్ దగ్గర తవ్వితీసిన తాబేటి చిప్పలూ, ఎడ్ల భుజాల ఎముకలూను. మూడువేల యేళ్ళ కిందట షాంగ్ రాజులు, వాన పడుతుందా, పంట పండుతుందా, రాణికి సుఖప్రసవమవుతుందా అని ప్రశ్న అడిగి, ఎముకను కాల్చి, ఆ పగుళ్ళలో జవాబు చూసుకునేవారు. ఆ ప్రశ్నలే ఈ రాతలు. ఎంత చరిత్ర జనం కడుపుల్లో అరిగిపోయిందో గదా!

తరవాత క్రీ.పూ. 221లో దేశాన్నంతా ఒక్కటి చేసిన ఛిన్ చక్రవర్తి, రాతనూ ఒక్కటి చేయించాడు. కుంచెతో రాయగా రాయగా వంపులు పోయి గీతలు మిగిలాయి. తాటాకు చిరగకుండా మన అక్షరాలు గుండ్రబడ్డాయంటారు. వాళ్ళకు కుంచె ఆ పని మరోవిధంగా చేసింది.

ఎదురింట్లో ఒక చైనా ముసలమ్మగారున్నారు. ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పినావిడ. ఆమె మాట హొక్కియెన్. మనవడు బళ్ళో నేర్చింది మాండరిన్. మాట అందనప్పుడు ఆవిడ వాడి అరచేతిలో వేలితో అక్షరం రాస్తుంది. వాడు తలూపుతాడు. నేను కళ్ళారా చూశాను. ఒకనాడావిడ బుజ్జికి 'ప్రేమ' అని రాసి చూపారు. మధ్యలో హృదయం ఉంది. బుజ్జి పుస్తకంలో లేదు. అక్షరాలు అందరికీ సులువుగా అబ్బాలని చైనాలో 1956లో గీతలు తగ్గించారు. సింగపూరు 1969 నుంచి అదే దారి పట్టింది. తైవాన్, హాంకాంగులలో నేటికీ పాతరాతే.

"హృదయం లేని ప్రేమేమిటే?" అన్నాను.

"కింద స్నేహితుడున్నాడుగా, తాతయ్యా!" అంది. నిజమే, కొత్త అక్షరం అడుగున ఉన్న గుర్తు స్నేహితుడిదే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళకు మాట అడ్డమైతే రాత కలుపుతోంది. మాకు మాట కలిసినా రాత అడ్డమైంది. తప్పు పిల్లదా? ఇన్నేళ్ళూ ఉత్తరాలు పంపానే గాని, పక్కన కూచోబెట్టుకుని ఒక్క అక్షరం దిద్దించానా?

మర్నాడు పలక లేదు గనక కాగితం మీదే 'తాత' అని రాసి దిద్దించాను. అది తల వంచి చాలాసేపు చూసింది.

"ఇందులో అర్థం ఏది, శబ్దం ఏది?"

"మనకు రెండూ శబ్దమేనమ్మా," అన్నాను.

"మరి అర్థం?"

నా వేపు వేలు చూపించుకున్నాను. నవ్వింది.

నేను ఇంటికొచ్చిన నెలకు ఉత్తరం వచ్చింది. పైన వంకరటింకరగా 'తాత'. కింద, కప్పుతో సహా, ఆ పంది!