లొంగవలసినది - లొంగరానిది

కవచం అనగానే గట్టిదనం స్ఫురిస్తుంది. ఎంత మందంగా ఉంటే అంత క్షేమమని లోకం నమ్మకం. కాని కవచానికి గట్టిదనం ఒక్కటే చాలదు. అది ధరించినవాని ఒంటికి అమరాలి. కర్ణునికి కవచం పుట్టుకతోనే వచ్చింది. మిగిలిన యోధులందరూ ఆయుధశాలలో దొరికినదానినో, కొలతలిచ్చి చేయించుకొన్నదానినో తొడుక్కోవలసినవారే. కొండదారుల్లో తిరిగే వాహనానికి రక్షణ ఏర్పాటు చేసుకోదలచిన యజమాని ముందు కూడా ఈ ప్రశ్నే నిలుస్తుంది. సిద్ధంగా అమ్మే బంపరును కొనాలా? కొలతలిచ్చి చేయించుకోవాలా?

నగరవీధుల్లో తిరిగే కారుకు ఈ ప్రశ్న రాదు. రాళ్ళూ వాగులూ దాటవలసిన బండికే వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941లో, అమెరికా సైన్యం కోసం విల్లీస్ జీపు తయారైంది. యుద్ధం ముగిశాక అది పొలాలకూ, అడవిదారులకూ చేరింది. మహీంద్రా సంస్థ భారతదేశంలో ఆ జీపుల కూర్పును ప్రారంభించింది. కాలక్రమంలో, దారి లేనిచోట బండి నడపడమే కొందరికి వినోదంగా మారింది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోయాబ్ అనే చిన్న పట్టణంలో, ఈస్టరు పండుగనాటి జీపుల యాత్ర 1967లో మొదలైంది. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో రూబికాన్ అనే దారి సుమారు 35 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. అక్కడ బండి మనిషి నడకకన్న నెమ్మదిగా గుండ్రాళ్ళనెక్కి దిగాలి. ఆ దారి పేరునే జీప్ సంస్థ 2003 నమూనా రాంగ్లర్ వాహనాలలో ఒకదానికి పెట్టింది.

ఆస్ట్రేలియాలో అవసరం వేరు. అక్కడ తెల్లవారుజామునా, మునిమాపువేళా కంగారూలు హఠాత్తుగా రహదారికి అడ్డం వస్తాయి. రేడియేటరు పగిలి బండి ఆగిపోతే, వందల కిలోమీటర్ల మేర సాయం దొరకని ప్రాంతాలు ఆ దేశంలో ఎన్నో. అందుకే బండి ముందు భాగానికి ఇనుప చట్రం బిగించుకొనే అలవాటు అక్కడ బలపడింది. 1975లో మెల్‌బోర్న్ నగరంలో మొదలైన ఏఆర్‌బీ సంస్థ ఇటువంటి చట్రాలను తయారుచేసి ఇతర దేశాలకు కూడా పంపే స్థాయికి ఎదిగింది. ఈ విధంగా ఒకచోట రాళ్ళు, మరొకచోట జంతువులు మనిషిచేత బండికి కవచం తొడిగించాయి.

ఆ కవచంలో రెండు భాగాలు ముఖ్యమైనవి. మొదటిది బంపరు. కర్మాగారంనుండి వచ్చే బంపరుకు పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల మెత్తని నురుగు దిమ్మ, దాని వెనుక ఒక లోహపు పట్టీ ఉంటాయి. నగరంలో చిన్న తాకిడులకు అది చాలు. నిట్రమైన రాతిగట్టు ఎక్కేటప్పుడు మాత్రం కిందికి వేలాడే ఆ తొడుగే ముందుగా రాయికి తగిలి చీలిపోతుంది. ముందు చక్రం నేలను తాకే చోటినుండి బంపరు కింది అంచు వరకు ఒక గీత గీస్తే, అది నేలతో చేసే కోణాన్నిబట్టి బండి ఎంత నిట్రమైన గట్టును ఎక్కగలదో తెలుస్తుంది. పొట్టిగా, ఎత్తుగా ఉండే ఉక్కు బంపరు ఆ కోణాన్ని పెంచుతుంది. బురదలో దిగబడిన బండిని లాగే వించ్ యంత్రానికి కూడా చోటిస్తుంది.

రెండవది స్లైడరు. తలుపుల కింద, ముందు వెనుక చక్రాల నడుమ, పొడవునా అమర్చే ఉక్కు గొట్టమిది. చక్రం రాయినుండి జారినప్పుడు బండి పొట్ట ఆ రాయిమీద పడకుండా ఇది బరువును మోస్తుంది. బండి దానిమీద జారుతూ ముందుకు సాగిపోతుంది. స్లైడరు లేకపోతే తలుపు కింది అంచు నొక్కుకుపోయి, తలుపే తెరుచుకోని స్థితి ఏర్పడుతుంది.

సిద్ధవస్తువుకు ఒక గొప్ప గుణం ఉన్నది. దానిని తయారుచేసినవారు ఒకే నమూనా బండిని పలుమార్లు కొలిచి, పొరపాట్లు దిద్దుకొని, ఆ తరువాతనే అంగడికి పంపుతారు. బోల్టుల రంధ్రాలు సరిగా కూర్చుంటాయి. నచ్చకపోతే విప్పి అమ్ముకోవచ్చు. మంచి సంస్థలైతే తమ బంపరు ఎయిర్‌బ్యాగ్ పనికి అడ్డురాదని పరీక్షించి మరీ చెబుతాయి. అయితే అది అందరికోసం చేసినది. పెద్ద టైర్లు వేసిన బండికి అది ఒరుసుకోవచ్చు. యజమాని వద్దనున్న వించ్ దానిలో పట్టకపోవచ్చు. అవసరంలేని దీపాలకూ, కొక్కేలకూ కూడా అతడు వెల చెల్లించవలసి రావచ్చు.

చేయించుకొన్న వస్తువు గుణం వేరు. విజయవాడ ఆటోనగర్ ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. క్యాబిన్, తొట్టి లేని లారీ చట్రాన్ని అక్కడికి తెచ్చి నిలబెడితే, మోయవలసిన సరుకునుబట్టి, తిరగవలసిన దారినిబట్టి పనివారు దానికి బాడీ కడతారు. పనివాడు బండిని కళ్ళారా చూస్తాడు. యజమాని మాట వింటాడు. ఒక అంగుళం తగ్గించమంటే తగ్గిస్తాడు. రేపు వంగితే సరిచేసేవాడూ అతడే. కాని ఈ పనిలో ఒక చిక్కున్నది. అతుకు పైకి నున్నగా కనిపించినా లోపల లోహం కరిగి కలిసిందో లేదో కంటికి తెలియదు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత వెల్డింగు పనికి సరిగ్గా వర్తిస్తుంది. పైగా, చేయించుకొన్న బంపరును గోడకు గుద్ది పరీక్షించేవారు ఎవరూ ఉండరు. దాని మొదటి పరీక్ష నిజమైన ప్రమాదమే.

ఇంతవరకు చూస్తే రెండు పక్షాలూ సమంగానే కనిపిస్తాయి. బంపరునూ స్లైడరునూ ఒకే గాటన కట్టడంవల్లనే ఈ సందిగ్ధం తెగదు. వాటి ధర్మాలు వేరు. బంపరు అవసరమైనప్పుడు లొంగాలి. స్లైడరు ఎన్నటికీ లొంగరాదు.

బండి దేనినైనా గుద్దుకొన్నప్పుడు ముందుభాగం నలుగుతూ తాకిడి శక్తిని మింగుతుంది. లోపలున్నవారికి తగిలే దెబ్బ ఆ మేరకు తగ్గుతుంది. వేగం ఎంత త్వరగా పడిపోయిందో గమనించి ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు విచ్చుకోవాలో యంత్రం నిర్ణయిస్తుంది. అక్కడ నలగని ఉక్కు దిమ్మ బిగిస్తే ఆ లెక్క తారుమారు కావచ్చు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. ఇక ఎదురుగా నడిచివచ్చే మనిషి సంగతి మరింత ముఖ్యమైనది. పెద్దవాడి తొడకు తగిలే ఎత్తులో ఉన్న ఇనుప చట్రం చిన్నపిల్లవాడి రొమ్ముకో, తలకో తగులుతుంది. ఈ ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొనే ఐరోపా సమాఖ్య 2005లో వాహనాల ముందు చట్రాలకు నిబంధనలు విధించింది. భారతదేశంలో 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ, అనుమతి లేకుండా బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్లు 1988నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధమని, వాటిపై చర్య తీసుకోవాలని రాష్ట్రాలను కోరింది. కనుక బంపరు యజమాని సొంత ముచ్చట మాత్రమే కాదు. దాని మంచిచెడ్డలు అతడెన్నడూ చూడని బాటసారి ప్రాణంతో ముడిపడి ఉన్నాయి. చట్టం అనుమతించిన దేశంలో సైతం, ఆ బండి నమూనాకే పరీక్షించి తయారుచేసిన బంపరును కొనడమే వివేకం. అంగడిలో ఉన్నవన్నీ పరీక్షించినవే అనుకోరాదు; ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

స్లైడరు విషయంలో మంచి పనివాడికి చోటున్నది. అది బండి పక్కన, కింద, చట్రానికి అంటిపెట్టుకొని ఉంటుంది. దాని పని బరువు మోయడం. రెండు టన్నుల బండి ఒక రాయిమీద వాలినా అది వంగరాదు. సుమారు 44 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం గల మేలురకం ఉక్కు గొట్టాన్ని ఇందుకు తరచుగా వాడతారు. దాని కాళ్ళు బండి చట్రానికే బిగియాలి. తలుపు కింది రేకుకు బిగిస్తే మొదటి దెబ్బకే రేకు లోపలికి పోతుంది. బాడీ రబ్బరు దిమ్మలమీద కొంచెం కదులుతూ ఉంటుంది కనుక గొట్టానికీ బాడీకీ నడుమ కొంత ఎడం వదలాలి. నీరు లోపలికి దిగి తుప్పు పట్టకుండా గొట్టం కొనలు మూసివేయాలి. ఇంధన గొట్టాలకూ, బ్రేకు గొట్టాలకూ కాళ్ళు అడ్డురాకూడదు. ఇవన్నీ బండి కింద పడుకొని కొలిచే ఓపికగల పనివాడు చేయగలిగినవే. అటువంటివాడు దొరకనప్పుడు మాత్రం సిద్ధవస్తువే నయం.

రెండింటికీ సమానమైన హెచ్చరిక ఒకటున్నది. అది బరువు. ఉక్కు బంపరు ఒక్కటే 50 కిలోలు దాటడం సాధారణం. వించ్, స్లైడర్లు తోడైతే ఆ భారం ముందు స్ప్రింగులను కుంగదీస్తుంది. బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరాన్ని పెంచుతుంది. ఇంధనం ఎక్కువ తాగిస్తుంది. అల్యూమినియం తేలికైనదే కాని, వంగితే దారిలో అతకడం కష్టం. భయంతో కొన్న ప్రతి వస్తువునూ బండి ప్రతి మలుపులోనూ మోస్తూనే ఉండాలి.

కనుక యజమాని మొదట వెళ్ళవలసినది అంగడికీ కాదు, వెల్డింగు దుకాణానికీ కాదు. ఏడాదిలో ఎన్ని రోజులు రాళ్ళలో తిరుగుతాడో, ఎన్ని రోజులు బడిపిల్లలు దాటే వీధుల్లో తిరుగుతాడో ఒక కాగితంమీద నిజాయితీగా రాసుకోవాలి. రవాణా కార్యాలయంలో నిబంధనలు విచారించాలి. చాలామంది కాగితాల్లో రెండవ అంకె చాలా పెద్దదిగా తేలుతుంది. అటువంటివారికి కర్మాగారంనుండి వచ్చిన బంపరే సరిపోతుంది. రాళ్ళదారి నిజంగా తప్పనివారు స్లైడరుతో మొదలుపెట్టవచ్చు. అది వారి బండిని కాపాడుతుంది. ఎదురుగా వచ్చే బాటసారికి కీడు చేయదు.