తీతువు గుడ్లు

నేను ఆరో తరగతిలో మన హాస్టల్లో చేరాను. మాది సూళ్లూరుపేట దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున చిన్న ఊరు. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోతే సరస్సు నీళ్లు లోపలికి తగ్గి, ఒడ్డంతా బయటపడి ఉండేది. అక్కడికి మేకలు తోలుకుపోవడం నా పని.

ఏడో తరగతి సెలవుల్లో ఒకరోజు ఒక తీతువు పిట్ట నా తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. కిందికి చూస్తే గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు. గూడు లేదు, పుల్ల లేదు. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. మా అవ్వ భయపడిపోయింది. "తీతువు అరిస్తే కీడురా! ముందు పోయి పెట్టేసి రా" అంది. తిరిగి పోయేసరికి రెండు గుడ్లు జేబులోనే చితికిపోయాయి. ఆ రాళ్లలో ఎక్కడ తీశానో ఆ చోటు దొరకలేదు. పిట్ట మాత్రం పొద్దుగూకేదాకా అరుస్తూనే ఉంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

తొమ్మిదిలో ఉండగా సైన్సు సారు మమ్మల్ని నేలపట్టు తీసుకుపోయారు. 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రం చేశారు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతుల గూళ్లు! వానలకు చెరువు నిండితేనే అవి గూళ్లు కడతాయనీ, చుట్టూ నీళ్లుంటే నేల మీద తిరిగే జంతువులు సులువుగా రాలేవనీ సారు చెప్పారు. పిల్లల కోసం పెద్ద పక్షులు పులికాట్ దాకా ఎగిరిపోయి చేపలు తెస్తాయట. ఇల్లు ఒకచోట, అన్నం ఒకచోట. మన హాస్టల్ పిల్లల మాదిరే అనిపించింది. రెండింటిలో ఏది పాడైనా ఆ పిల్లలకు బతుకు లేదు.

ధైర్యం చేసి నా గుడ్ల సంగతి సారుకు చెప్పాను. ఆయన తిట్టలేదు. "అది కీడు చెప్పే అరుపు కాదురా, బిడ్డల కోసం పడే ఆరాటం. ఎండ మండితే పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది" అన్నారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

ఆ ఏడు సెలవుల్లో మళ్లీ అదే అరుపు విన్నాను. మేకలను పక్కకు మళ్లించాను. మట్టి తోలే ట్రాక్టరు అటే వస్తుంటే అడ్డం పోయి గుడ్లు చూపించాను. డ్రైవరన్న నవ్వాడు గానీ, బండి చుట్టూ తిప్పుకుని పోయాడు. కొన్నాళ్లకు మూడు పిల్లలు తల్లి వెనక పరుగెత్తడం చూశాను. అవ్వను పిలిచి చూపించాను.

సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగకు ఎందరో వచ్చి పక్షులను చూసి ఆనందించారు. చూడటం మంచిదే. కానీ నేల మీద గుడ్లు పెట్టే పిట్టకు కంచె లేదు, బోర్డు లేదు. మనం ఉత్త బీడు అనుకునే చోటే దాని ఇల్లు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఇంటికి పోయినప్పుడు చెరువు గట్టునో, సరస్సు ఒడ్డునో తీతువు అరిస్తే రాయి విసరకండి. కాళ్ల కింద చూసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడవండి. అంత చేస్తే చాలు.