కంటికి కనిపించని అక్షరం

ముప్పై సంవత్సరాలకు పైబడిన ఉద్యోగ జీవితంలో మేము సరిదిద్దిన దోషాలు అనేకం. చాలావరకు మరచిపోయాము. ఒక్కటి మాత్రం నేటికీ మనసులో ముల్లులా మిగిలిపోయింది.

అది 1997వ సంవత్సరం. కర్మాగారంలో కొలిమి ఉష్ణోగ్రతలను నమోదు చేసే ప్రోగ్రామును మా విభాగం యూనిక్స్ కంప్యూటరుపై నెలకొల్పుతున్నది. వార్షిక మరమ్మతులు ముగిసి కొలిమి వెలిగేలోగా, అనగా మూడు రోజులలో, అది సిద్ధం కావాలి. సి భాషలో దానిని వ్రాసినది అప్పుడే శిక్షణ ముగించుకొని వచ్చిన ఒక యువ ఇంజనీరు. డాస్ పీసీపై ఆమె వ్రాసి, పరీక్షించి ఇచ్చిన ఫైలును యూనిక్స్ యంత్రానికి పంపినది మేము.

కంపైల్ చేయగానే తప్పుల జాబితా తెరనిండా ప్రత్యక్షమైంది. అన్నీ ఒక పొడవైన మాక్రో దగ్గరే మొదలవుతున్నాయి. అటువంటి మాక్రోను పలు వరుసలలో వ్రాసేటప్పుడు ప్రతి వరుస చివర ఒక వాలుగీత ఉంచుతారు. ఆ గీత వెంటనే వరుస ముగిస్తేనే తరువాతి వరుస కూడా అందులో భాగమని కంపైలరు గ్రహిస్తుంది. కాగితంపై ముద్రించి చూశాము. గీతలన్నీ యథాస్థానంలోనే ఉన్నాయి.

“పీసీలో సరిగానే కంపైల్ అయింది సార్” అన్నది ఆ అమ్మాయి.

“అయితే ఇక్కడెందుకు కాలేదమ్మా? పరీక్షించకుండానే ఇచ్చావా?” అని పదిమంది ఎదుట అనేశాము.

ఆమె మారు పలకలేదు. రాత్రి ఎనిమిదింటి వరకు కూర్చుని మాక్రోలన్నీ తిరిగి టైపు చేసింది. మేము మళ్ళీ పంపాము. మళ్ళీ అవే తప్పులు!

మరునాడు వేరే దారి తోచక, ఓడీ అనే ఆదేశంతో ఫైలులోని ఒక్కొక్క బైటును పరిశీలించాము. ప్రతి వరుస చివర ఒక్క సంకేతం ఉండవలసిన చోట రెండున్నాయి: 13, 10. వాలుగీతకూ వరుస ముగింపునకూ నడుమ ఆ 13 చొరబడి కూర్చున్నది. తెరపైనా, కాగితంపైనా అది కనిపించదు.

టెలెక్స్ గదిలోని పెద్దాయనకు చెబితే నవ్వారు. “ఇవి మాకు పాత చుట్టాలే బాబూ” అన్నారు. టెలిప్రింటరులో అచ్చు భాగాన్ని ఎడమ అంచుకు చేర్చడానికి ఒక సంకేతం, కాగితాన్ని ఒక వరుస జరపడానికి మరొకటి. వెనుకకు మరలడానికి ఎక్కువ వ్యవధి పడుతుంది కనుక ఆ సంకేతాన్నే ముందు పంపేవారట. ఆస్కీ పట్టికలో ఇవే 13, 10. తరువాత కంప్యూటర్లు వచ్చినప్పుడు మల్టిక్స్, దాని వెంట యూనిక్స్ 10తోనే సరిపెట్టుకున్నాయి. సీపీఎం, దాని బాటలో డాస్ రెండింటినీ నిలుపుకున్నాయి.

మరి తప్పెక్కడ జరిగింది? ఎఫ్‌టీపీలో ఆస్కీ పద్ధతిని ఎంచుకుంటే వరుస ముగింపులు గమ్యానికి తగినట్లు మారతాయి. బైనరీ పద్ధతిలో ఉన్నవి ఉన్నట్లే చేరతాయి. రెండుసార్లూ మేము పంపినది బైనరీలోనే! పిల్లను చంకనుంచుకొని ఊరంతా వెదకినట్లయింది.

టీఆర్ ఆదేశంతో 13లన్నిటినీ తొలగించాము. 840 వరుసల ఫైలు సరిగ్గా 840 బైట్లు తగ్గింది. ఒక్క తప్పు లేకుండా కంపైల్ అయింది. సాయంత్రం సమీక్షా సమావేశంలో అధికారి అభినందిస్తే చిరునవ్వుతో స్వీకరించాము. తప్పు ఎవరిదో చెప్పడానికి నోరు రాలేదు.

తిరిగి వచ్చేసరికి మా బల్లపై ఒక కాగితం ఉన్నది. ఆ అమ్మాయి చేతివ్రాత. “ప్రోగ్రాము ఫైలు పంపే ముందు ‘ఆస్కీ’ అని టైపు చేయవలెను.” అంతే. అందులో నింద లేదు, ఎవరి పేరూ లేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరునాటి ఉదయం, అందరూ ఉన్న సమయంలో, పొరపాటు మాదేనని ఒప్పుకొని ఆమెను మన్నించమని కోరాము. ఆ కాగితాన్ని టెర్మినల్ ప్రక్కన మేమే అంటించాము. కొలిమి అనుకున్న వేళకే వెలిగింది.

నేడు గిట్ వంటి సాధనాలు ఈ మార్పులను తామే చేయగలవు. యూనిక్స్ ముగింపులను సరిగా చూపడం విండోస్ నోట్‌ప్యాడ్ సైతం 2018లో నేర్చుకున్నది. యువ సహోద్యోగులకు ఆ 13తో ఇక పని పడకపోవచ్చు. అయినా ఏ ఫైలు మొరాయించినా “ఎవరు వ్రాశారు?” అని అడగబోయే ముందు, “ఏ దారిన వచ్చింది?” అని మమ్మల్ని మేము ప్రశ్నించుకోవడం ఆనాటి నుండి అలవాటైంది.